నెట్ న్యూట్రాలిటీ ఉద్యమం: ఏం జరిగింది, మనకేం దక్కింది

సెమిలిగుడ, సునాబెడ, దమంజోడి, అటు రాయగడ వరకు తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో ఇవాళ తెలుగు చాలామటుకు ఫోనులోంచే వస్తోంది. పొద్దున్న పేపరు ఫోనులో, సాయంత్రం పాత సినిమా ఫోనులో, విజయనగరంలో ఉన్న మేనత్తతో మాటలూ ఫోనులోనే. ఏ తెలుగు పేజీ తెరిచినా, ఏ ఒడియా పేజీ తెరిచినా, ఎంత పెద్ద కంపెనీ పేజీ తెరిచినా, ఒక జీబీ డేటాకు మన దగ్గర పట్టే డబ్బు ఒకటే. ఇది ఫోన్ కంపెనీలు దయతలచి ఇచ్చినది కాదు. 2015, 2016 సంవత్సరాల్లో దేశంలో లక్షలాది మంది సామాన్యులు ప్రభుత్వానికి ఉత్తరాలు రాస్తే, ఆ మీదట కాగితం మీద నిలిచిన నియమం. దాని పేరు నెట్ న్యూట్రాలిటీ. మన పత్రికలు నెట్ సమానత్వం అనీ, అంతర్జాల తటస్థత అనీ కూడా రాశాయి. సంఘంలో కుర్రవాళ్లు ఈ మాట వాడుతుంటే పెద్దవాళ్లం తల ఊపి ఊరుకుంటున్నాం. మన పెద్దలకు పనికివస్తుందని ఆ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

మాటకు అర్థం

ఇంట్లో కరెంటు మీటరు ఉంది. ఫ్యాను తిరిగినా మిక్సీ తిరిగినా యూనిట్ల లెక్కే గాని, ఆ ఫ్యాను ఏ కంపెనీదని మీటరు అడగదు. ఒక ఫ్యాను కంపెనీ కరెంటు ఆఫీసుకు డబ్బు కట్టి, తన ఫ్యాన్లకు యూనిట్లు లెక్క వేయకుండా చేసుకుందనుకోండి. మనకు మొదట్లో సంతోషంగానే ఉంటుంది. కానీ మన బజారులో చిన్న దుకాణంవాడు తయారు చేసిన ఫ్యానును ఆ తర్వాత ఎవరూ కొనరు. అతని ఫ్యాను మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే రాదు.

ఇంటర్నెట్టులో ఇలాంటి పక్షపాతం మూడు రకాలుగా చేయవచ్చు. ఒక సైటును పూర్తిగా రాకుండా ఆపడం, ఆపకుండా నెమ్మది చేయడం, లేదా ధరలో తేడా పెట్టడం. ఈ మూడూ చేయరాదన్నదే నెట్ న్యూట్రాలిటీ. 2003లో టిమ్ వూ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు రాసిన వ్యాసంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. దీన్ని మొట్టమొదట చట్టంగా చేసిన దేశం దక్షిణ అమెరికాలోని చిలీ, 2010లో. మన దేశంలో గొడవంతా ముఖ్యంగా మూడో రకం మీద, అంటే ధర మీద జరిగింది. ఉచితం పేరుతో వచ్చింది కాబట్టే అర్థం కావడానికి సమయం పట్టింది.

మొదటి విడత: 118 పేజీలు, 20 ప్రశ్నలు

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ సంస్థ, స్కైప్, వైబర్ వంటి వాటి ద్వారా ఇంటర్నెట్టులో చేసే ఫోన్లకు మామూలు డేటా కాకుండా వేరే చార్జీ వసూలు చేస్తామని ప్రకటించింది. జనం నుంచి వ్యతిరేకత రాగానే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అయితే ప్రశ్న మాత్రం ప్రభుత్వం బల్ల మీదికి చేరింది. ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ (టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ) 2015 మార్చి 27న ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. అందులో 118 పేజీలు, 20 ప్రశ్నలు. ఏప్రిల్ 24 లోపు ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు అన్నారు.

ఎవరైనా పంపవచ్చు అంటారు గాని, అంతవరకు అలాంటి పత్రాలకు జవాబిచ్చేది సాధారణంగా కంపెనీలు, వాటి సంఘాలు, వాటి వకీళ్లు. 118 పేజీల ఆఫీసు ఇంగ్లీషు చదివి, ఓపికగా జవాబు రాసే గృహస్థు ఎక్కడుంటాడు? సేవ్ ద ఇంటర్నెట్ అనే పేరుతో కలిసిన స్వచ్ఛంద కార్యకర్తలు చేసిన అసలు పని ఇక్కడుంది. వారిలో పత్రికా రచయిత నిఖిల్ పాహ్వా, న్యాయవాది అపార్ గుప్తా, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న కిరణ్ జొన్నలగడ్డ (ఇంటిపేరు గమనించండి) వంటివారు ఉన్నారు. వాళ్లు పత్రాన్ని విడదీసి, సామాన్యుడికి అర్థమయ్యే భాషలో పెట్టి, 20 ప్రశ్నలకూ నమూనా జవాబులు తయారు చేసి, చదివి మార్చుకుని ట్రాయ్‌కు ఈమెయిల్‌గా పంపుకునే ఏర్పాటు చేశారు. ఏప్రిల్ 11న ఏఐబీ అనే హాస్య బృందం (పూర్తి పేరు ఇళ్లలో చదివేచోట రాయదగినది కాదు) ఒక వీడియోలో ఈ విషయమంతా నవ్విస్తూ చెప్పింది. గడువు తేదీకి ట్రాయ్‌కు చేరిన ఉత్తరాలు 10 లక్షలు దాటాయి.

ఇదే నెలలో ఇంకో సంగతి జరిగింది. ఏప్రిల్ 6న ఎయిర్‌టెల్ జీరో అనే పథకం వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే, ఆ యాప్ వాడినందుకు వాడకందారుకు డేటా కోయరు. ఫ్లిప్‌కార్ట్ ఇందులో చేరుతోందని తెలియగానే జనం కోపం దాని మీదికి మళ్లింది. ఏప్రిల్ 14న ఆ సంస్థ తప్పుకుంది. ఆ వెనువెంటనే ఫేస్‌బుక్ వారి ఇంటర్నెట్.ఆర్గ్ పథకం నుంచి క్లియర్‌ట్రిప్ వెళ్లిపోయింది, ఎన్డీటీవీ వెళ్లిపోయింది. పార్లమెంటులోనూ చర్చకు వచ్చింది.

ఉత్తరాలు రాసినవారికి ఒక ఇబ్బంది కూడా జరిగింది. ట్రాయ్ ఆ ఉత్తరాలన్నీ అందరికీ కనిపించేలా ప్రచురిస్తూ, పంపినవారి ఈమెయిల్ చిరునామాలతో సహా పెట్టేసింది. బహిరంగ సంప్రదింపుల్లో జవాబులు బయట పెట్టడం పద్ధతే. కానీ లక్షల మంది చిరునామాలు ఒక్కచోట పరిచేయడం వల్ల పనికిమాలిన ఉత్తరాలు పంపేవారికి పండగ అయ్యింది. ఈ సంగతి చివర్లో మళ్లీ అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

సాలూరులో ఉంది, సెమిలిగుడలో లేదు

మనకు దగ్గరగా తగిలిన భాగం ఇది. 2015 ఫిబ్రవరి 10న ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే ఉచిత సేవ మొదలుపెట్టాయి. మొదట పెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి, ఒడిశా లేదు. ఇచ్చిన భాషల్లో తెలుగు ఉంది. అంటే ఘాటీ దిగి సాలూరులో తీసుకున్న రిలయన్స్ సిమ్ములో ఆ ఉచిత తెలుగు వస్తుంది, సుంకి గేటు దాటి ఇటు సెమిలిగుడలో తీసుకున్న సిమ్ములో రాదు. సరిహద్దు జనానికి ఇలాంటివి అలవాటే. 1936 ఏప్రిల్ 1 ముందు వరకు ఈ కొరాపుట్ అంతా మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాలోదే. గీత గీశాక ఏ సౌకర్యం ఎటు పడుతుందో మనం అడిగేది కాదు.

ఆ ఉచితంలో వచ్చేది మొత్తం ఇంటర్నెట్ కాదు. మొదట్లో 30కి పైగా ఎంపిక చేసిన సైట్లు మాత్రమే. అదే సంవత్సరం సెప్టెంబరులో దానికి ఫ్రీ బేసిక్స్ అని కొత్త పేరు పెట్టారు, ఎవరైనా తమ సైటును చేర్చమని అడగవచ్చు అన్నారు. కానీ షరతులు ఫేస్‌బుక్ పెట్టినవి. వీడియోలు, పెద్ద ఫొటోలు కుదరవు. పేజీతో పాటు అక్షరాల ఫాంటును పంపే పద్ధతీ కుదరదు. పాత రకం ఫోన్లలో తెలుగు అక్షరాలు గళ్లుగళ్లుగా కనబడిన రోజులు అందరికీ గుర్తే. ఆ గళ్లు పోవడానికి చిన్న తెలుగు సైట్లు చేసుకున్న ఏర్పాటే ఈ ఫాంటు పంపడం. పైగా మనం చూసేదంతా ఫేస్‌బుక్ కంప్యూటర్ల మీదుగానే వెళ్లి రావాలి.

ఇప్పుడు ఒక పెద్దమనిషి అడిగే ప్రశ్న న్యాయమైనదే: అసలేమీ లేని చోట ముప్పై సైట్లయినా వస్తే తప్పేమిటి? పొట్టంగి పైన కొండ ఊళ్లనూ, నారాయణపట్న వైపునూ చూసినవారికి ఈ ప్రశ్న తేలికగా కొట్టేసేది కాదు. దీనికి దేశంలో అందరికన్నా సూటిగా జవాబు చెప్పినవారిలో మన ముఖ్యమంత్రి ఒకరు కావడం ఇక్కడ చాలామందికి తెలియదు. 2015 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ట్రాయ్ అధ్యక్షుడికి ఉత్తరం రాసి నెట్ న్యూట్రాలిటీని బలపరిచారు. ఆ ఉత్తరం సారాంశం ఇది: పేదలకు ఇప్పుడున్న దానికన్నా చాలా ఎక్కువ అందాలి, కానీ వాళ్లకు ఏది కావాలో ఇంకొకరు నిర్ణయించకూడదు; పేదలకు ఇదే చాలు అని మనం గిరి గీస్తే, వాళ్లు ఎంచుకునే హక్కును తీసేసినట్టే. ఒడిశా నుంచి ధెంకానాల్ లోక్‌సభ సభ్యుడు, ధరిత్రి పత్రిక సంపాదకుడు తథాగత సత్పతి కూడా ఆ రోజుల్లో బాహాటంగా ఈ పక్షాన నిలిచారు. రాజకీయంగా ఎవరి అభిప్రాయం వారిది. ఈ ఒక్క విషయంలో ఒడిశా మాట గట్టిగా వినబడింది.

నా మటుకు నేను ఇంకో మాట చేరుస్తాను. ఫ్రీ బేసిక్స్ కోసం ఏ కొండ మీదా కొత్త టవరు వేయలేదు. ఉన్న కంపెనీ టవరు మీదనే అది నడిచింది. టవరు లేని ఊరికి ఉచిత సైటూ రాదు, డబ్బు కట్టిన సైటూ రాదు. కాబట్టి ఏమీ లేనివారికి కొంచెమైనా ఇచ్చినట్టు అన్న వాదన మన కొండ ఊళ్లకు అసలు వర్తించదు.

ఆంధ్ర, తెలంగాణ వైపు నుంచి ఈ ఉద్యమంలో ముందున్నది హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ, అది సభ్యంగా ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా. స్వేచ్ఛ వాళ్లు అంతకు చాలా ముందే కంప్యూటరును తెలుగులో నడిపించే పని పెట్టుకున్నవారు. ఇంజనీరింగు కాలేజీల విద్యార్థులు వారి బలం. బెంగళూరులో 2016 జనవరి మొదట్లో ఫ్రీ బేసిక్స్‌కు వ్యతిరేకంగా ప్లకార్డులు పట్టుకుని నిలబడినవారు ఈ ఉద్యమం కర్ణాటక శాఖవారే. ఈమెయిల్ నొక్కడంతో ఆగకుండా వీధిలోకి వచ్చినవారు కొందరైనా ఉన్నారని చెప్పడానికి ఇది రాశాను.

రెండో విడత: ఎన్ని ఉత్తరాలు కాదు, ఏం రాశారు

2015 డిసెంబరు 9న ట్రాయ్ రెండో పత్రం ఇచ్చింది. ఈసారి నాలుగే ప్రశ్నలు. వేర్వేరు సైట్లకు వేర్వేరు డేటా ధర పెట్టనివ్వాలా అన్నది అందులో కీలకం. ఆ నిర్ణయం తేలేవరకు ఫ్రీ బేసిక్స్ నిలిపివేయమని రిలయన్స్‌కు చెప్పింది. గడువు మొదట డిసెంబరు 30, తర్వాత జనవరి 7 వరకు పొడిగించారు.

ఈసారి ఫేస్‌బుక్ ఊరుకోలేదు. పేపర్లలో పూర్తి పేజీ ప్రకటనలు వచ్చాయి. డిసెంబరు 28న టైమ్స్ ఆఫ్ ఇండియాలో మార్క్ జుకర్‌బర్గ్ స్వయంగా వ్యాసం రాశారు. ఫేస్‌బుక్ తెరిచినవారికి, ఫ్రీ బేసిక్స్‌ను బలపరుస్తూ ట్రాయ్‌కు ఉత్తరం పంపండి అని ఒక మీట చూపించారు. చాలామంది ఏమిటో చదవకుండానే నొక్కారు. ఇటువైపు ఐఐటీల, బెంగళూరు ఐఐఎస్సీ అధ్యాపకులు కొందరు కలిసి ఫ్రీ బేసిక్స్‌లోని లోపాలు ఎత్తిచూపుతూ ప్రకటన ఇచ్చారు.

లెక్క తేలేసరికి ట్రాయ్‌కు వచ్చిన ఉత్తరాలు సుమారు 24 లక్షలు. అందులో 18.94 లక్షలు ఫ్రీ బేసిక్స్‌ను బలపరిచేవే. తలలు లెక్కపెడితే ఫేస్‌బుక్ గెలిచినట్టే. అయితే ట్రాయ్ అధ్యక్షుడు ఆర్.ఎస్. శర్మ ఆ లెక్కను ఒప్పుకోలేదు. మేము అడిగింది నాలుగు ప్రశ్నలు, ఈ ఉత్తరాల్లో ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు, మీ పథకం కావాలా వద్దా అని మేము ఓట్లు అడగలేదు అన్నది ఆయన వాదన. సంప్రదింపులను ఒకరు నడిపించే ఓటింగులా మార్చేశారని ట్రాయ్ ఫేస్‌బుక్‌కు ఘాటుగానే ఉత్తరం రాసింది.

గుమాస్తాగా ఇన్‌వార్డు రిజిస్టరు రాసిన చేతితో చెబుతున్నాను, ఇది సరైన పద్ధతి. ఒకే నకలు మీద రెండు వందల సంతకాలతో వచ్చిన అర్జీ ఒక్క నంబరు కిందే ఎక్కుతుంది. ఒక్కడే అయినా ఫలానా జీవో, ఫలానా పేరా, నాకు ఫలానా నష్టం అని రాసినవాడి కాగితానికి మాత్రం ఆఫీసులో ఎవరో ఒకరు నోటు పెట్టి తీరాలి. మన సంఘం తెలుగు బడుల గురించి, తెలుగు పాఠ్యపుస్తకాల గురించి ఇచ్చే అర్జీలకూ ఇదే వర్తిస్తుంది. సేవ్ ద ఇంటర్నెట్ వారి ఉత్తరాలూ నమూనావే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కానీ ఆ నమూనా అడిగిన ప్రశ్నలకు వరుసగా జవాబులు చెప్పింది. తేడా అంతా అక్కడే వచ్చింది.

2016 ఫిబ్రవరి 8న నిర్ణయం వెలువడింది. చూసే విషయాన్ని బట్టి డేటా ధరలో తేడా పెట్టరాదు. పెడితే రోజుకు 50,000 రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. అత్యవసర పరిస్థితుల్లో, విపత్తుల్లో అవసరమైన సేవలకు మాత్రం ధర తగ్గించవచ్చు. అప్పటికే ఉన్న పాత ప్యాకులకు ఆరు నెలల వరకు వెసులుబాటు ఇచ్చారు. మూడు రోజులు తిరగకుండానే ఫేస్‌బుక్ మన దేశంలో ఫ్రీ బేసిక్స్‌ను ఎత్తివేసింది.

ధర సంగతి ఇలా తేలితే, ఆపడం, నెమ్మది చేయడం అనే మిగతా రెండింటికి మరో రెండేళ్లు పట్టింది. 2017 నవంబరు 28న ట్రాయ్ సిఫారసు చేసింది, 2018 జూలైలో టెలికాం కమిషన్, టెలికాం శాఖ ఒప్పుకున్నాయి. దాంతో ఫోన్ కంపెనీల లైసెన్సు షరతుల్లోనే ఈ నియమం చేరింది. ఉద్యమంలో పనిచేసినవారు కొందరు 2016లోనే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టుకుని ఆ పని కొనసాగిస్తున్నారు.

ఈ నియమంలోకి ఏది వస్తుంది, ఏది రాదు

మనవాళ్లు అడిగే సందేహాలు కొన్ని ఉన్నాయి. రోజు డేటా అయిపోయాక వేగం తగ్గిస్తారు కదా, అది తప్పు కాదా? కాదు. అన్ని సైట్లకూ ఒకేలా తగ్గితే పక్షపాతం కాదు. తెలుగు వార్తల సైటు మాత్రం తగ్గి, కంపెనీ సొంత యాప్ పరుగెడితే అది తప్పు. రీఛార్జితో పాటు ఒక సినిమా యాప్ చందా ఉచితంగా ఇస్తారు, అది? చందా డబ్బు వేరు, డేటా వేరు. ఆ సినిమా చూసినప్పుడు మీ డేటా మామూలుగానే తగ్గుతుంటే ఈ నియమం ప్రకారం ఇబ్బంది లేదు. నా దృష్టిలో అది కూడా పక్కదారిలో తెచ్చిన ఉచితమే, కానీ నియమం అంతవరకు వెళ్లలేదు. అల్లర్లప్పుడు, పరీక్షలప్పుడు ఇంటర్నెట్ మొత్తం ఆపేస్తారు, అది వేరే చట్టం కింద ప్రభుత్వం చేసే పని, దీనికి సంబంధం లేదు. యూట్యూబో ఫేస్‌బుక్కో మన సంఘం వీడియోను ఎవరికీ చూపించడం లేదన్న ఫిర్యాదూ దీని కిందికి రాదు. ఇది దారి వేసినవాడి మీద నియమం, దుకాణంవాడి మీద కాదు.

మనకు దక్కినదేమిటంటే, పది మంది చందాలతో నడిచే ఇలాంటి తెలుగు పోర్టలుకు, కోట్ల పెట్టుబడి ఉన్న ఛానలుకు ఫోనులో దారి ఒకటే. ఫ్రీ బేసిక్స్ పద్ధతే నిలబడి ఉంటే ఉచిత జాబితాలోకి ఎవరు ఎక్కేవారు? ఒడిశా సర్కిల్లో తెలుగు మాట్లాడేవారు అల్పసంఖ్యాకులు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు ముందు వరుసలో ఉంటాయి, అది సహజం. తెలుగు చేరినా హైదరాబాదు పెద్ద పత్రికల తెలుగే చేరేది. సెమిలిగుడ ఉగాది సభ ఫొటోలు చూడాలంటే మాత్రం డబ్బు కట్టి చూడాలి. పిల్లలు కట్టరు.

మళ్లీ తలుపు తడుతున్నది

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా ధరలు పడిపోయి, ఉచిత సైట్ల వాదన చల్లారింది. ఇప్పుడు కంపెనీల కోరిక వేరే రూపంలో ఉంది. వీడియోల వల్ల మా తీగల మీద బరువు పెరిగిపోయింది, కాబట్టి ఎక్కువ డేటా పంపే పెద్ద సంస్థలు మాకు రుసుము కట్టాలి అంటున్నాయి. 2023 జూలైలో ట్రాయ్ వాట్సాప్ వంటి సేవల నియంత్రణ మీద మరో పత్రం ఇచ్చినప్పుడు ఈ వాదన గట్టిగా వచ్చింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనం రీఛార్జి చేసేది ఆ వీడియో తెచ్చి ఇచ్చినందుకే కదా, ఒకే సరుకుకు రెండు వైపులా కిరాయి ఎందుకు? దక్షిణ కొరియాలో ఇలాంటి ఏర్పాటు ఉంది. అక్కడ ఖర్చు భరించలేక ట్విచ్ అనే వీడియో సంస్థ 2024 ఫిబ్రవరిలో దుకాణం కట్టేసింది.

అమెరికాలో పిల్లలున్నవారి కోసం ఒక మాట. అక్కడ 2015లో పెట్టిన నియమాన్ని 2017 డిసెంబరులో తీసేశారు, 2024లో మళ్లీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలకు సొంత చట్టాలు ఉన్నాయి గాని, దేశమంతటికీ నియమం లేదు. ఈ ఒక్క విషయంలో సెమిలిగుడ వాడకందారు వాళ్లకన్నా మెరుగ్గా ఉన్నాడు.

మీ ప్యాకులో ఏదో సైటుకు వేరే ధర పడుతున్నట్టు అనుమానం వస్తే మొదట కంపెనీకే ఫిర్యాదు చేయాలి. 198కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. జవాబు రాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ నేరుగా తీర్చదు, అక్కడికి ముందే రాసి సమయం పోగొట్టుకోవద్దు.

కొత్త సంప్రదింపుల పత్రం వచ్చినప్పుడు మాత్రం ట్రాయ్‌కే రాయాలి. ఇంగ్లీషు ఇబ్బంది అయితే ఇంట్లో చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి, రెండు పేరాలు చాలు. ప్రశ్న నంబరు వేయండి, దాని కిందే జవాబు రాయండి, కొరాపుట్ జిల్లాలో తెలుగు కుటుంబంగా మీ ఇంట్లో ఫోను దేనికి వాడతారో, ధర మారితే ఏది ఆగిపోతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఉత్తరం లోపల ఫోను నంబరు, ఇంటి చిరునామా పెట్టకండి, ఆ జవాబులు అందరికీ కనిపించేలా బయట పెడతారు. పంపాక ఒక నకలు సంఘం ఆఫీసులో ఇస్తే ఫైలులో పెడతాను.